ఆట రోజున మీరూ రండి



పేరెంట్స్ మీటింగ్ అంటే మనం పనులు మానుకునైనా వస్తాం. లెక్కల్లో ఎన్ని, హిందీలో ఎన్ని అని టీచర్‌ని గుచ్చి గుచ్చి అడుగుతాం. అదే పిల్లలకు ఆటల పోటీ ఉందని వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వస్తే, ఒక బొటనవేలి బొమ్మ పెట్టి ఊరుకుంటాం. ఈ నెల మీతో ఆ సంగతే మాట్లాడదామని. నేను రోలుగుంటలో ఉంటాను. మా మనవరాలు ఎనిమిదో తరగతి, ఖో-ఖో ఆడుతుంది.

ఆడపిల్ల ఎనిమిది, తొమ్మిది తరగతులకు వచ్చేసరికి ఆట మానిపించే మాటలు ఇంట్లోనే మొదలవుతాయి. ఎండకు నల్లబడిపోతుంది, ఈ వయసులో నిక్కరేమిటి, పై ఏడు టెన్త్ కదా... మీ ఇంట్లోనూ వినే ఉంటారు. మా ఇంట్లో వాళ్ల మామ్మే గట్టిగా అడ్డం పడింది. ఆవిడతో వాదించి నెగ్గినవాళ్లు మా వంశంలో లేరు. అందుకని వాదన పెట్టుకోకుండా ఒకరోజు పోటీకి వెంట తీసుకెళ్లాను. పది నిమిషాలు మూతి బిగించుకుని కూర్చుంది. మనవరాలు ఒక్క ఉదుటున దూకి, స్తంభం దగ్గర మలుపు తిరుగుతున్న అమ్మాయిని ముట్టుకుని కిందపడింది. "మోకాలు దోక్కుపోయిందేమో చూడండి" అని నా మీద కేకలేసింది ముందు. ఆ తర్వాత పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియని ఆవిడతో "చూశారా, మా గుంట ఎంత దూరం దూకిందో" అంది. నిక్కరు ఊసు మళ్లీ ఎత్తలేదు.

నేను వంద మాటలు చెప్పినా జరగని పని అది.

ఖో-ఖో చూడటానికి కన్ను కొంచెం అలవాటు పడాలి. తరిమే జట్టులో తొమ్మిది మంది ఉంటే, ఎనిమిది మంది వరసగా ఒకరు ఇటు, ఒకరు అటు తిరిగి కూర్చుంటారు. తరిమేది ఒక్కరే. ఆ ఒక్కరూ మధ్యలో వెనక్కి తిరగకూడదు, కూర్చున్నవాళ్ల సందుల్లోంచి అవతలికి దూరకూడదు. అవతలివైపు పట్టాలంటే కూర్చున్న పిల్లను వెనకనుంచి తట్టి "ఖో" అనాలి. ఆ మాట వినపడగానే ఆ పిల్ల లేచి పరుగు అందుకోవాలి. ముందే లేస్తే తప్పు, ఆలస్యమైతే మనిషి దొరకదు. కాబట్టి ఇంటికొచ్చిన పిల్లను "నువ్వు కూర్చునే ఉన్నావుగా, ఏం ఆడావు?" అని అడక్కండి. ఆ కూర్చోవడమే సగం ఆట. మనం చిన్నప్పుడు వీధుల్లో ఆడిన ఈ ఆటకు 2025 జనవరిలో ఢిల్లీలో మొదటి ప్రపంచకప్ జరిగింది. ఆడవాళ్లలోనూ మగవాళ్లలోనూ ఫైనల్లో నేపాల్‌ను ఓడించి మన దేశమే గెలిచింది.

మన పక్కనున్న శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి. 2000లో సిడ్నీలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ ఆమే. ఆడపిల్ల బరువులు ఎత్తుతానంటే, తల్లి శ్యామల గారు వద్దనకుండా వెనక నిలబడ్డారు. పతకం వచ్చాక పొగడటానికి ఊరంతా వస్తుంది. పతకం ఊసే లేనప్పుడు నిలబడేది ఇంటివాళ్లే.

విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి సెంచరీ మీరంతా టీవీలో చూసే ఉంటారు. 2024 డిసెంబర్ 28, మెల్‌బోర్న్. అతను 99 మీద ఉన్నాడు, మూడు బంతులు ఆడాల్సింది ఆఖరి బ్యాట్స్‌మన్ సిరాజ్. నాకు ఆ బంతులు గుర్తులేవు, గ్యాలరీలో ప్రార్థిస్తూ నిలబడిన ముత్యాలరెడ్డి గారి మొహమే గుర్తుంది. కొడుకు ఆట కోసం హిందుస్థాన్ జింక్‌లో ఉద్యోగం వదులుకున్న తండ్రి ఆయన. ఉద్యోగాలు మానేయమని నేను చెప్పను, అది అన్ని ఇళ్లలో సాగే పని కాదు. ఒక పూట చాలు.

వచ్చినప్పుడు మాత్రం గీతకు ఇవతలే కూర్చోండి. ఎవరిని ఆడించాలో పీఈటీ సార్‌కి తెలుసు. "అటు పరిగెత్తు, ఇటు పరిగెత్తు" అని మీరు అరుస్తుంటే పిల్ల ఖో వింటుందా, మిమ్మల్ని వింటుందా? ఫోన్ జేబులో ఉంచి చూడండి, వీడియో ఇంకెవరో తీస్తారు. ఓడిపోతే బండి మీద ఇంటికి వెళ్లేదాకా ఎందుకు ఓడారని పంచాయతీ పెట్టొద్దు. "ఆకలేస్తోందా?" అని అడిగితే చాలు, మిగతాది వాళ్లే చెబుతారు.

యాజమాన్యానికి కూడా ఒక మనవి. పనిరోజున పదకొండు గంటలకు పోటీ పెడితే, చెరకు నరికే కాలంలో కూలీలను పిలుచుకున్న రైతు రాలేడు, డ్యూటీకి వెళ్లే తల్లీ రాలేదు. శనివారం సాయంత్రం పెట్టి, వారం ముందు చెప్పండి. తాతలకు, మామ్మలకు నీడలో నాలుగు కుర్చీలు వేయించండి.

ఇక తొమ్మిది, పది తరగతులకు గేమ్స్ పీరియడ్ తీసేసి స్టడీ అవర్ పెట్టమని మనలోనే కొందరు ఆఫీసుకు వెళ్లి అడుగుతున్నారట. వాళ్లను ఒక్కసారి గ్రౌండ్‌కి రమ్మని పిలుస్తున్నాను. ఒక ఆట పూర్తిగా చూసి, అప్పటికీ అడగాలనిపిస్తే అప్పుడు అడగండి.