పాల్గొనటం అంటే

“పాల్గొను” అన్న మాటను విడదీయమంటే మా క్లాసులో సగం మంది తెల్లమొహం వేస్తారు. పాలు, కొను – అంతే. పాలు అంటే వాటా, కొనటమంటే పుచ్చుకోవటం. సభకు వెళ్ళి వెనకవరసలో కునికిపాట్లు పడి రావటం పాల్గొనటం కాదన్నమాట!

నా పూర్వ విద్యార్థి ఒకడు ఇప్పుడు సమాజశాస్త్రంలో ఎం.ఏ. చదువుతున్నాడు. పౌరులు, అధికారం, సామాజిక మార్పు అన్న పాఠానికి తెలుగు మాటలు కావాలని వస్తే ఈ సంగతే చెప్పాను. బదులుగా అతను నాకు షెర్రీ ఆర్న్‌స్టీన్ అనే అమెరికన్ విదుషి 1969లో వేసిన నిచ్చెనను గురించి చెప్పాడు. మొత్తం ఎనిమిది మెట్లు. అడుగు రెండూ జనాన్ని మభ్యపెట్టటమే. నడిమి మూడూ కబురు చెప్పటం, అభిప్రాయం అడగటం, బుజ్జగించటం. పై మూడింటి మీద మాత్రమే అధికారంలో వాటా దొరుకుతుంది.

“ఈ నిచ్చెనను మన హైటెక్ సిటీలో ఏ గోడకు ఆనించాలి, మాస్టారూ?” అన్నాడు.

1998 నవంబరులో ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్ ప్రారంభించిన నాటినుంచీ అక్కడ గోడలకు కొదవ లేదు. అయినా నాకు తోచింది గోడ కాదు, కంచ. కంచ అంటే పశువుల మేతకు వదిలిన బీడు. కంచ గచ్చిబౌలి అన్న పేరులో ఆ మాట ఇంకా బతికే వున్నది.

హైదరాబాదు విశ్వవిద్యాలయాన్ని ఆనుకుని అక్కడ 400 ఎకరాలున్నవి. 2003లో ఒక ప్రభుత్వం ఆ నేలను క్రీడల కంపెనీకి ఇచ్చింది. 2006లో మరో ప్రభుత్వం రద్దు చేసింది. దావా 2024 దాకా నడిచి, ప్రభుత్వమే గెలిచింది. ఆ దావాలో ఒకవైపు సర్కారు, ఒకవైపు కంపెనీ. పక్కనే చదువుకునే పిల్లలు వాదులూ కారు, ప్రతివాదులూ కారు. నెమళ్ళూ జింకలూ అసలే కావు.

ఐ.టి. కంపెనీల కోసం ఆ భూమిని వేలం వెయ్యాలనుకున్నారు. 2025 మార్చి 30న, సరిగ్గా ఉగాది నాడు, యంత్రాలు దిగినవి. విద్యార్థులు అడ్డుపడ్డారు, పోలీసులు కొందరిని పట్టుకుపోయారు. భూమి మాది, అది అడవి కాదు అన్నది సర్కారు వాదం. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను ఆపించేసరికి దాదాపు 100 ఎకరాలు చదును అయిపోయినవి.

పిల్లలు గెలిచారని చాలామంది సంబరపడ్డారు. నేనూ పడ్డాను. కాని నా శిష్యుణ్ణి అది ఎన్నో మెట్టని అడిగితే చాలాసేపు ఆలోచించి, “నిచ్చెన మీద లేదండీ” అన్నాడు. నిజమే! ధర్మగంట మోగించారు, ప్రభువు ఆలకించాడు. అది మొర. మొర వేరు, పాలు వేరు. యంత్రాలు రాకముందే, వేలం ఆలోచన కాగితం మీద వున్నప్పుడే, చుట్టుపక్కలవారిని కూర్చోబెట్టి అడిగివుంటే అది పాలు.

అలా అడిగే చోటు చట్టంలో లేకపోలేదు. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ, 3 లక్షలకు తక్కువ కాని జనాభా వున్న పట్టణాలలో వార్డు కమిటీలు వుండాలన్నది. అయితే ఇచ్చేవారినే అనటం న్యాయం కాదు, పుచ్చుకునేవారూ వుండాలి గదా! 2020 డిసెంబరులో హైదరాబాదు నగరపాలక ఎన్నికలు జరిగితే ఓటర్లలో సగం మందైనా ఓటు వెయ్యలేదు.

మాదాపురంలో స్థిరపడిన మా బంధువు ఒకాయన్ని మొన్న అడిగాను, మీ వార్డు కమిటీలో ఎవరెవరున్నారని. ఆయన తడుముకోకుండా తమ అపార్టుమెంటు సంఘం అధ్యక్షుడి పేరు చెప్పాడు.