కనిపెట్టడం సగమే, నిలబెట్టడం మిగతా సగం

మన సీఎస్ఈ వాళ్లకి ఒక నమ్మకం ఉంది: మందు మాలిక్యూల్‌ని కంప్యూటర్ వెతికి పెట్టేస్తే పని అయిపోయినట్టే అని. నేను ఒప్పుకోను.

జీఎల్‌పీ-1 సంగతే చూడండి. తిండి తిన్నాక పేగుల్లో పుట్టి, ఇన్సులిన్‌ని పెంచే హార్మోన్ ఇది. షుగర్‌కి పనికొస్తుందని 1990లలోనే తెలుసు. కానీ రక్తంలో దాని హాఫ్ లైఫ్ సుమారు 2 నిమిషాలు. డీపీపీ-4 అనే ఎంజైమ్ దాన్ని కత్తిరించేస్తుంది, కిడ్నీలు బయటికి పంపేస్తాయి. అలాంటిదాన్ని మందుగా ఎలా ఇస్తాం?

సెమాగ్లూటైడ్‌లో కెమిస్టులు చేసిన మార్పులు చిన్నవే. ఎంజైమ్ కత్తిరించే చోట ఉన్న అలనిన్‌కి ఒక మిథైల్ గ్రూపు అదనంగా చేర్చారు, ఎంజైమ్‌కి పట్టు దొరకలేదు. ఇంకోచోట 18 కార్బన్ల కొవ్వు ఆమ్లం గొలుసు తగిలించారు. అది రక్తంలోని ఆల్బుమిన్‌ని పట్టుకుని తిరుగుతుంది, కిడ్నీల్లోంచి జారిపోదు. హాఫ్ లైఫ్ దాదాపు 1 వారం అయింది!

దీని విలువ ఇంట్లో తెలుస్తుంది. మా నానమ్మ రోజూ ఇన్సులిన్ సూది వేసుకుంటుంది, ఒక్కోసారి విసుగొచ్చి మానేస్తుంది. మానేసిన మందు ఎంత గొప్పదైతే ఏం లాభం? ఇదే కిటుకుతో వారానికోసారి వేసుకునే ఇన్సులిన్ ఐకోడెక్ కూడా తయారైంది. ఏడాదికి 365 సూదుల బదులు 52.

అందుకే ఏఐతో మందులు కనిపెడతాం అనే ఫ్రెండ్స్‌కి నా మాట ఒకటే. మాలిక్యూల్ టార్గెట్‌కి అతుక్కుంటుందా అనేది ఒక్కటే చూస్తే చాలదు. ఒంట్లో ఎంతసేపు ఉంటుందో కూడా మన మోడల్ లెక్కలోకి రావాలి.