సీసాకెక్కిన పథ్యం

పథ్యమనే మాటకు మన భాషలో ఒక గడువు కలదు. జ్వరం విడిచినవానికి బీరకాయ కూరతో మెత్తని అన్నం పెట్టినా, బాలింతకు వెల్లుల్లి కారం కలిపి పెట్టినా, కామెర్లు వచ్చినవానికి నూనె మాన్పించి మజ్జిగ అన్నంతో సరిపుచ్చినా, అవి కొన్నాళ్ళ ముచ్చటే. ఒకనాడు పథ్యం విడుస్తారు. ఆ రోజున ఇంట్లో చిన్న పండుగ. మధుమేహ రోగి మాట వేరు. అతని పథ్యానికి వైద్యుడే గడువు చెప్పవలెను. తక్కినవారి విషయంలో, విడువ వీలులేని పథ్యం మన పెద్దల ఊహకు అందనిది. 'డైట్' అనే మాట బందరు వీధులలోకి, గుడివాడ బజారులోకి, దివిసీమ పల్లెలలోకి వచ్చిన పిమ్మట ఈ గడువు సంగతి మరుగున పడినది. అది ఎట్లు మరుగున పడినదో తెలియవలెనంటే, మన అటకల మీద నిలిచిపోయిన ఒక గాజు సీసా కథ వినవలెను. దాని పేరు హార్లిక్స్.

ఆసుపత్రిలో ఉన్న బంధువును చూడబోయేవాడు వట్టి చేతులతో పోరాదు. ఒక హార్లిక్స్ సీసా, ఒక రొట్టె, నాలుగు బత్తాయిలు: చాలాకాలం మన జిల్లాలో పరామర్శకు ఇదే లాంఛనం. అవనిగడ్డ నుండి బస్సెక్కి బందరు ఆసుపత్రికి పోయే సామాన్య రైతు సైతం, మందుల ఖర్చుకు వెనుకాడిన రోజున కూడ, ఈ లాంఛనానికి వెనుకాడలేదు. రోగి త్రాగగా మిగిలినది పిల్లలు చెంచాలతో పొడిగానే తినివేసేవారు. ఖాళీ సీసాలోకి ఆవకాయో, ఇంగువో, కొత్త చింతపండో చేరేది. సరుకు కంటె సీసాకే ఆయుర్దాయం ఎక్కువ. ఒక విదేశీ వస్తువు తెలుగు ఇంటి మర్యాదలలో ఇంతగా కలిసిపోవుట అరుదు.

దాని పుట్టుక మనకు చాల దూరాన. ఇంగ్లండు నుండి అమెరికా చేరిన జేమ్స్, విలియం హార్లిక్ అనే అన్నదమ్ములు 1873లో షికాగోలో వ్యాపారం ప్రారంభించినారు. పాలతో కలిసిన మాల్టు పొడికి 1883లో పేటెంటు లభించినది. తల్లిపాలు చాలని శిశువులకు, జబ్బుపడి అరుగుదల తగ్గినవారికి తేలికగా వంటబట్టే ఆహారం కావలెనన్నది ఆనాటి సంకల్పం. చేసే పద్ధతిలో గారడీ ఏమియు లేదు. బార్లీ గింజను నానబెట్టి మొలకెత్తించినచో గింజలో ఒక జీర్ణరసం పుట్టి పిండి పదార్థాన్ని చక్కెరగా విడగొట్టుట మొదలుపెట్టును. అదను చూచి గింజను ఎండబెడితే మాల్టు సిద్ధము. దానిని గోధుమపిండితోను పాలతోను కలిపి, నీరు ఇగిర్చి, పొడి చేస్తారు. రాగులను మూటగట్టి మొలకెత్తించి, ఎండబెట్టి, విసిరి, పసిబిడ్డకు జావ కాచిన మన అమ్మమ్మలకు ఈ రసాయన శాస్త్రం పేరు తెలియదు గాని పని తెలియును. సైన్సు మాస్టర్లు పిండి పదార్థాల పాఠం చెప్పేటప్పుడు ఈ రెండింటినీ ప్రక్కప్రక్కన నిలిపి చూపినచో, విద్యార్థికి ఎంజైము అనే మాట మరి మరపునకు రాదు.

ఆ పొడి తేలికైనది, చెడిపోనిది. కనుక ధ్రువయాత్రికుల మూటలలోకి కూడ ఎక్కినది. అమెరికా నావికుడు బైర్డ్ అంటార్కిటికాలో చూచిన ఒక పర్వతశ్రేణికి విలియం హార్లిక్ పేరే పెట్టినాడు. ఇంతవరకు వస్తువు గొప్ప. అటుపిమ్మట ప్రకటనల గొప్ప మొదలైనది. 1930ల దశకంలో బ్రిటనులో ఒక కొత్త జబ్బును కనిపెట్టినారు: రాత్రి ఆకలి. మనిషి నిద్రలో పస్తు ఉంటాడట, అందువల్ల తెల్లవారి నీరసం వస్తుందట, పడుకొనే ముందు ఒక గ్లాసు హార్లిక్స్ త్రాగితే పోతుందట. ఏ వైద్య గ్రంథంలోను లేని ఈ వ్యాధి ప్రకటనలలో పుట్టి, ప్రకటనలతోనే నయమైనది. మందు ముందు తయారై రోగం తరువాత పుట్టుట ఇక్కడే కాదు, తరువాత కూడ చాలాసార్లు చూచినాము.

మన దేశానికి దీనిని మొదటి ప్రపంచ యుద్ధం నుండి తిరిగివచ్చిన సిపాయిలు తెచ్చినారని చెబుతారు. పంజాబులోని నాభాలో 1960 నాటికి కర్మాగారం పనిచేయసాగినది. తరువాత మన గోదావరి తీరాన, కాటన్ ఆనకట్ట కట్టిన ధవళేశ్వరంలోనే మరొకటి వెలసినది. దక్షిణ, తూర్పు రాష్ట్రాలలో దీనికి లభించిన ఆదరణ ఉత్తరాదిలో లేదు. కారణం కొంతవరకు న్యాయమైనదే. పాల సహకార సంఘాలు బలపడని రోజులలో పట్టణవాసికి దొరికే పాలలో నీళ్ళ పాలే ఎక్కువ. అటువంటప్పుడు, వేడినీళ్ళలో కలిపినా కొంత పోషణ ఇచ్చే పొడిని వైద్యుడు వ్రాసి ఇచ్చుట తప్పు కాదు. రోగికి అది మేలే చేసినది. హార్లిక్స్‌ను మొదటి నుండి చివరి దాకా మోసమనేవారితో నేను ఏకీభవించను.

చిక్కు వచ్చినది రోగి మంచం దిగిన తరువాత. ప్రపంచంలో రోగులు కొద్దిమంది, అదియు కొద్దిరోజులే రోగులు. ఆరోగ్యవంతులు కోట్లమంది, ఏడాది పొడుగునా ఆరోగ్యవంతులు. ఏ వర్తకుడు ఎవరివైపు చూస్తాడో వేరే చెప్పనక్కరలేదు. అమెరికాలో మీడ్ జాన్సన్ అనే సంస్థ రోగుల కోసం సస్టాజెన్ అనే పొడిని అమ్ముతుండెడిది. 1959లో దాదాపు ఆ పొడినే మెట్రికాల్ అనే పేరుతో, బరువు తగ్గదలచినవారికి అమ్మినది. రోజంతా అదే త్రాగవలెను; మొత్తం 900 కేలరీలు. రెండు మూడేళ్ళు దేశమంతా దాని పేరే. పోటీదారులు పుట్టినారు, నాలుకలు విసిగినవి, తగ్గిన బరువు తిరిగివచ్చినది. మెట్రికాల్ అంగళ్ళ నుండి మాయమైనది. 1977లో మొదలైన స్లిమ్‌ఫాస్ట్ కూడ అదే దారి. దానిని 2000లో యూనిలీవర్ సంస్థ 230 కోట్ల డాలర్లకు కొన్నది. పిండి పదార్థాలు మానుకొమ్మనే అట్కిన్స్ పద్ధతి గాలి వీచగానే స్లిమ్‌ఫాస్ట్ తగ్గుముఖం పట్టినది. అది 2018లో మరొకరి చేతిలోకి పోయినప్పుడు పలికిన ధర 35 కోట్ల డాలర్లు.

రోగి పథ్యాన్ని ఆ దేశంలో లావుపాటివారికి అమ్మినారు. మన దేశంలో సన్నపాటి పిల్లలకు అమ్మినారు. భేదం అంతే. బిడ్డ పొడుగు పెరగలేదేమో, పరీక్షలో వెనుకబడునేమో అనే తల్లి భయం కంటె పెద్ద సంత ఎక్కడ ఉన్నది? పొడుగు, బలం, చురుకు అనే మూడు మాటలు టెలివిజనులో రాత్రింబవళ్ళు మ్రోగినవి. ఈ ప్రకటన ఒకటి పొరపాటున నేపాలీ ఛానెలు ద్వారా బ్రిటనులో ప్రసారమైనప్పుడు, అక్కడి ప్రకటనల ప్రమాణాల సంస్థ 2008లో దానిని తప్పుపట్టినది: ఆ మాటలకు తగిన ఆధారం చూపలేదని. సంస్థవారి సమాధానం, ఆ ప్రకటన బ్రిటను ప్రేక్షకుల కోసం ఉద్దేశించినది కాదని. అనగా లండనులో చెల్లని మాట గుడివాడలో చెల్లవచ్చునన్నమాట! నాకు ఈ వ్యవహారమంతటిలో ఎక్కువ కష్టం తోచినది ఇక్కడనే.

పతనం గొప్ప చప్పుడుతో రాలేదు. 2020 ఏప్రిల్ 1 నాటికి హార్లిక్స్ హిందుస్తాన్ యూనిలీవర్ చేతిలోకి వచ్చినది. 2023లో బోర్న్‌వీటాలోని పంచదారపై సామాజిక మాధ్యమాలలో వచ్చిన ఒక వీడియో దేశమంతా చర్చ లేపినది. ఆ సంవత్సరాంతానికి ఆ పొడిలో పంచదార కొంత తగ్గినది. 2024 ఏప్రిల్‌లో, ఆహార భద్రతా చట్టంలో 'హెల్త్ డ్రింక్' అనే నిర్వచనమే లేదని, అంతర్జాల అంగళ్ళు ఆ శీర్షిక క్రింద ఇటువంటి పానీయాలను ఉంచరాదని కేంద్ర వాణిజ్య మంత్రిత్వ శాఖ సూచించినది. ఆ నెలలోనే హార్లిక్స్ తన శ్రేణి పేరు నుండి 'హెల్త్' అనే మాటను తొలగించుకొన్నది. పొడి అదే, కర్మాగారం అదే, రుచి అదే. ఒక్క మాట పోయినది. కాని అర్ధ శతాబ్దికి పైగా మన ఇళ్ళలో అమ్ముడైనది ఆ మాటే కదా! పొడి అంగళ్ళలో ఉన్నది. దాని పరువు మాత్రము వెనుకటిది కాదు.

ఇనుము, విటమినులు కలిపిన పొడి పిల్లలకు మంచిది కాదా అని అడిగేవారున్నారు. ప్రశ్న సబబైనది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆంధ్రప్రదేశ్‌లో అయిదేళ్ళలోపు పిల్లలలో నూటికి 63 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలినది. అన్నానికి కరువులేని రాష్ట్రంలో ఇది సిగ్గుపడవలసిన సంఖ్య. కాని రక్తహీనత ఎక్కువగా ఉన్న ఇంట్లో ఆ డబ్బా ఉండదు. డబ్బా ఉన్న ఇంట్లో పాలు, గుడ్లు ముందే ఉంటవి. లేనివారు అప్పుచేసి చిన్న పొట్లం కొన్నచో, ఆ పైకానికి వచ్చే గుడ్లు ఆ ఇంటికి రాకుండ పోయినవి. మన డెల్టాలో సార్వా వరి కోతకు ముందే చేలో మినుములు చల్లుతారు. వరి పోయిన పదునుతో మాగాణి మినుము పండుతుంది. కైకలూరు వైపు చేపల చెరువులు, ఇంటింట గేదె, దివిసీమ రేవులలో ఎండుచేపలు: ఇంత ఉన్న గడ్డ మీద బిడ్డ బలం కోసం డబ్బా వైపు చూచుట విడ్డూరమే. బడిలో మధ్యాహ్న భోజనంతో ఇచ్చే గుడ్డు, 2023 మార్చిలో ప్రవేశపెట్టిన రాగి జావ, వీటికి ప్రకటనలు లేవు కనుక తల్లిదండ్రుల కంటికి ఆనవు. "బడి తిండి" అని చప్పరించేవారు ఆ జావలోని సరుకే మాల్టు డబ్బాకు మేనత్త బిడ్డ అని గ్రహించరు.

ఉపాధ్యాయులకు ఒక మనవి. ఒకరోజు లెక్కల గంటలో పిల్లల చేత ఇంటినుండి ఖాళీ డబ్బాలు, పొట్లాలు తెప్పించండి. వాటిలో కలిపిన పదార్థాలను బరువు ప్రకారం, ఎక్కువ నుండి తక్కువకు వరుసగా ముద్రించవలెనని నియమం. పంచదార ఎన్నవ స్థానంలో ఉన్నదో పిల్లలే వేలుపెట్టి చూపుతారు. నూరు గ్రాములకు ఇచ్చిన అంకెలను ఒక్క మోతాదుకు లెక్క కట్టించండి. త్రైరాశికం అక్కరకు వస్తుంది. కొన్ని డబ్బాలపై పోషక విలువలు పాలలో కలిపిన తరువాతవి అని చిన్న అక్షరాలలో ఉంటుంది. అప్పుడు పాల వంతు ఎంత, పొడి వంతు ఎంత అని తీసివేత చేయించండి. ఆ తీసివేత చేసిన పిల్ల ఇంటికి పోయి తల్లికి ఏమి చెబుతుందో మనం నేర్పనక్కరలేదు.

ఈ పాఠం త్వరగా చెప్పవలసిన అవసరం కూడ వచ్చినది. హార్లిక్స్ ఖాళీ చేసిన పీటపై ప్రొటీను పొడుల డబ్బాలు వచ్చి కూర్చుంటున్నవి. కండలు పెంచవలెనన్న కోరికతో కళాశాల కుర్రవాళ్ళు నెల జీతగాని కూలికి సరితూగే ధర పెట్టి వాటిని కొంటున్నారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకాలలో కండల కోసం అటువంటి పొడులను వాడవద్దని స్పష్టంగా చెప్పినది. ఆ మార్గదర్శకాలు ఎంతమంది చదివినారో గాని, డబ్బా మీది కండల బొమ్మను చూడని కుర్రవాడు లేడు.