ఊరికే వచ్చిన ఏనుగుకు మేత ఎవరు పెడతారు?

ఈ వారం నేను నేర్చుకున్న మాట ‘మేత’. ఆవు మేస్తుంది, మేక మేస్తుంది. అవి తినేది మేత. మా గుడిలో ఒక కంప్యూటర్ కూడా మేస్తోంది. అది తినేది కరెంటు.

నేను ఇంగ్లీషు మీడియంలో చదివాను. తెలుగు రాయడం అరవై దాటాక అమెరికాలో నేర్చుకుంటున్నాను. కోపం వచ్చినప్పుడు రాస్తే తప్పులు ఎక్కువ దొర్లుతాయి. సరిదిద్దండి.

సంగతి ఇది. ఒక భక్తుడు తన ఆఫీసులో తీసేసిన పాత డెస్క్‌టాప్‌ను గుడికి ఇచ్చారు. మన కుర్రాళ్లు అందులో ఓపీఎన్‌సెన్స్ వేసి రౌటర్‌గా మార్చారు. ఓపీఎన్‌సెన్స్ మంచిదే. ఉచితం, ఎవరైనా కోడ్ చూడవచ్చు, అప్‌డేట్లు వస్తూ ఉంటాయి. నా గొడవ దానితో కాదు, ఆ పెట్టెతో.

పెట్టెను చెప్పులు పెట్టే గది పక్కన అల్మారాలో పెట్టారు. వైకుంఠ ఏకాదశి నాడు ఫ్యాన్ దుమ్ముతో బిగుసుకుపోయింది, పెట్టె వేడెక్కింది, లైవ్ ఆగిపోయింది. ఇంట్లో మంచం మీదున్న పెద్దవాళ్లకు ఆ రోజు దర్శనం లేదు. ఇప్పుడు కమిటీ ఏమంటోంది? ఇంకో పాత డెస్క్‌టాప్ తెద్దామట!

“ఫ్రీగా వచ్చింది కదా అంకుల్!” అన్నాడు ఒక కుర్రాడు.

“బాబూ, గుడికి ఎవరైనా ఏనుగును దానం చేస్తే మేత ఎవరు పెడతారు?” అన్నాను.

లెక్క చూడండి. ప్లగ్గు దగ్గర మీటరు పెట్టి కొలిచాను. ఆ డెస్క్‌టాప్ ఊరికే కూర్చున్నా 60 వాట్లు తింటోంది. మా ఇంట్లో ఇంటెల్ ఎన్100 చిప్ ఉన్న చిన్న పెట్టె 12 వాట్లు తింటుంది. తేడా 48 వాట్లు. రౌటర్‌కు రాత్రి లేదు, పగలు లేదు. ఏడాదికి 420 యూనిట్లు తేడా. యూనిట్ 15 సెంట్లు అనుకున్నా 63 డాలర్లు. నా పెట్టె ఖరీదు 180 డాలర్లు. మూడేళ్లలో ఆ డబ్బు తిరిగి వచ్చేస్తుంది. దానికి ఫ్యాన్ లేదు, కాబట్టి ఫ్యాన్ బిగుసుకుపోయే బాధ లేదు.

“పాతవి పారేయడం పాపం కాదా?” అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఆ డెస్క్‌టాప్‌ను ఆదివారం తెలుగు బడికి ఇవ్వండి. రెండు గంటలు వాడి ఆపేస్తారు. రోజంతా వెలిగే పనికి మాత్రం వద్దు. అఖండ దీపం పెట్టేటప్పుడు నూనె ఎంత పడుతుందో చూసుకోమా? ఇదీ అంతే.

ఇంకో రకం పెద్దమనుషులు ఉన్నారు. వాళ్లకు అన్నిటికన్నా ఖరీదైనదే కావాలి. మా గుడి లైను 300 మెగాబిట్లు. దానికి 10 గిగాబిట్ల యంత్రం ఎందుకు? హుండీ డబ్బు అది, మన జేబులోది కాదు.

మీరు కొనేటప్పుడు నాలుగు విషయాలు చూడండి. ఒకటి, కనీసం రెండు నెట్‌వర్క్ పోర్టులు ఉండాలి. రెండు, ఓపీఎన్‌సెన్స్ వేస్తే అవి ఇంటెల్ పోర్టులైతే మంచిది. మూడు, చిప్ మీద 6 వాట్లు అని ఉంటే పెట్టె మొత్తం 6 వాట్లు అని కాదు, ప్లగ్గు దగ్గర కొలవాలి. నాలుగు, వైఫైకి వేరే యాక్సెస్ పాయింట్ పెట్టుకోవాలి.

చిన్న ఇంటికి ఇంత కూడా అక్కర్లేదు. 2024లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వాళ్ల సొంత రౌటర్ ‘ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వన్’ 89 డాలర్లకు వచ్చింది. రెండు పోర్టులు, వైఫై అందులోనే ఉన్నాయి.

వచ్చే మీటింగులో ఇదే చెప్తాను, తెలుగులోనే. నవ్వితే నవ్వనీ.

మీకు హోంవర్క్: మీ ఇంటి రౌటర్ ఎంత మేస్తోందో కొలవండి. ‘మేత’ అనే మాట వాడి, కింద రెండు వాక్యాలు రాయండి.