రిస్క్ కొడుకుది, పూచీ ఎవరిది?

ఇంజనీరింగ్ చదివిన పిల్లలు ఉద్యోగాలు వద్దనుకుని సొంత కంపెనీలు ఎందుకు పెడుతున్నారు? ధైర్యం, సృజన, స్వేచ్ఛ అని అందరూ ఒకే జవాబు చెప్తారు. 2016లో స్టార్టప్ ఇండియా అన్నారు. ఇప్పుడు మన రాష్ట్రంలో ఇంటికో పారిశ్రామికవేత్త అంటున్నారు. ఆ ఒక్కరు కొడుకా, కూతురా అని మాత్రం అడగరు.

పిల్లల్ని తప్పుపట్టలేం. సాఫ్ట్‌వేర్ కంపెనీలు కొత్తవాళ్లకి పదిహేనేళ్ల కింద ఇచ్చిన మూడు, మూడున్నర లక్షల దగ్గరే చాలావరకు ఆగిపోయాయి. ఆఫర్ లెటరిచ్చి నెలల తరబడి పిలవనివీ ఉన్నాయి. నరసరావుపేటలో చదివిన అబ్బాయికి హైదరాబాద్ హాస్టల్ ఖర్చులకే సరిపోయే జీతం కంటే సొంత పని మేలనిపిస్తే వింతేముంది? అదే క్లాసులో కూర్చున్న అమ్మాయికీ అలాగే అనిపిస్తుంది. అనిపించినంత మాత్రాన ఎంచుకోగలదా?

మాచర్ల, గురజాల పల్లెల్లో కొడుకు వ్యాపారమంటే మిర్చి పొలం పాస్ పుస్తకం తనఖాకి వెళ్తుంది. చాలకపోతే అమ్మ మెడలో గొలుసు, ఆమె డ్వాక్రా అప్పు. అదీ చాలకపోతే రాబోయే కోడలి కట్నం. 1961లోనే నిషేధించిన కట్నం ఇక్కడ పెట్టుబడి! వ్యాపారం మునిగితే అబ్బాయికి అనుభవం మిగులుతుంది. గ్రూపు వాయిదా మాత్రం అమ్మే కట్టాలి, తోటి సభ్యుల ముందు తలవంచుకోవాల్సిందీ ఆమే. దీన్ని మనం స్వయంకృషి అంటున్నాం. తనఖాకి సెంటు భూమి లేని ఇళ్లలో, ముఖ్యంగా దళితుల ఇళ్లలో, అబ్బాయిలకైనా ఈ ధైర్యం ఎక్కణ్ణుంచి వస్తుంది?

కూతురు అదే మాటంటే "ముందు ఉద్యోగంలో చేరమ్మా, మంచి సంబంధాలొస్తాయి" అంటారు. ఆమె పేరు చెప్పి దాచిన డబ్బు ఆమె చేతికి రాదు, అల్లుడి చేతికి పోతుంది. పల్నాటి యుద్ధంలో కత్తి పట్టిన మగవాళ్లకి కారెంపూడిలో ఏటా వీరుల ఉత్సవాలు. మంత్రిగా రాజ్యం నడిపిన నాగమ్మ మాత్రం ఇప్పటికీ జనం నోట కుట్రదారే. తెగించిన ఆడదాన్ని చూసే చూపు అప్పటినుంచీ ఎంత మారిందని?

ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు సమాన వాటా మన రాష్ట్రంలో 1985లోనే చట్టమైంది, 2005లో దేశమంతటికీ వచ్చింది. అయినా "కట్నమిచ్చాం కదా" అని వాటా ఎగ్గొడతారు. గట్టిగా అడిగితే పుట్టింటి తలుపు మూసుకుంటుంది. 2016లో వచ్చిన స్టాండప్ ఇండియా పథకం, ప్రతి బ్యాంకు శాఖా కనీసం ఒక మహిళకు 10 లక్షల నుంచి కోటి దాకా అప్పివ్వాలంది. అందులోనూ సొంత డబ్బు కొంత పెట్టాల్సి వచ్చేది. వాటాయే లేని అమ్మాయికి సొంత డబ్బెక్కడిది?

కాలేజీల్లో స్టార్టప్ ఉపన్యాసాలు ఎన్నైనా పెట్టుకోండి. ముందు కూతురి వాటా కూతురి పేరున రాయండి. ఉద్యోగమా, వ్యాపారమా అన్నది అప్పుడు ఆమే తేల్చుకుంటుంది.