మల్టీమీటరుకు ఏ ఫ్యూజు వెయ్యాలి?



నాంపల్లి నుంచి ఒక కుర్రవాడు ఇలా రాశాడు: "మా బాబాయి మల్టీమీటరులో ఫ్యూజు కాలిపోయింది. కొత్తది కొనటానికి ఆబిడ్సు మీదుగా కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్ళాను. కొట్టువాడు రెండు ఫ్యూజులు చూపించాడు. పొడవూ, లావూ ఒకటే. రెంటిమీదా 10 ఆంపియర్లనే ఉన్నది. ఒకటి గాజుది, చవక. రెండోది తెల్లని పింగాణీది, ఖరీదు ఎక్కువ. గాజుది కొంటే ఏం?"

మంచి ప్రశ్న! జవాబు విను.

వోల్టులు కొలిచేటప్పుడు మీటరు కరెంటును దాదాపు తనలోకి రానివ్వదు. దాని నిరోధం సుమారు కోటి ఓములు ఉంటుంది. కాని ఆంపియర్లు కొలిచే రంధ్రంలో ఎర్ర తీగ పెడితే, మీటరు ఒట్టి తీగముక్కతో సమానం. ఆ సంగతి మరిచి, ఇంట్లో 230 వోల్టుల ప్లగ్గులో మొనలు పెడితే ఏమవుతుంది? దారి మొత్తంలో నిరోధం అర ఓము అనుకుందాం. 230ని అరతో భాగించు. 460 ఆంపియర్లు!

ఫ్యూజులోని సన్నని తీగ వెంటనే కరుగుతుంది. అయితే అంతటితో కరెంటు ఆగిందని అనుకోకు. తెగిన చోట లోహపు ఆవిరి నిండి, నిప్పుకణంలా వెలుగుతూ, కరెంటుకు వంతెన అవుతుంది. 10 ఆంపియర్ల మామూలు గాజు ఫ్యూజు 100 ఆంపియర్ల దాకా మాత్రమే తెంచగలదు. అంతకు మించితే గాజు పగలవచ్చు, మీటరు చేతిలోనే పేలవచ్చు.

మంచి పింగాణీ ఫ్యూజులో సన్నని ఇసుక నింపుతారు. ఆ ఇసుక వేడిని పీల్చుకుని, తానే కరిగి, మంటను అణచివేస్తుంది. ఇలాంటివి 10 వేల ఆంపియర్లను సైతం తెంచగలవు.

తెల్లగా ఉన్నంత మాత్రాన చాలదు సుమా! దానిమీద మూడు సంగతులు చూడాలి: ఎన్ని ఆంపియర్లు, ఎన్ని వోల్టులు, ఎంత పెద్ద కరెంటును తెంచగలదు. మీటరు రంధ్రాల పక్కన 10 ఆంపియర్లు, 600 వోల్టులు అని ఉంటే, 250 వోల్టుల ఫ్యూజు పనికిరాదు. మూడో సంగతి మీటరుతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. కొట్టుకు వెళ్ళేటప్పుడు కాలిన ఫ్యూజును కూడా తీసుకుపో.

సరైనది దొరికేదాకా ఆ రంధ్రం వాడవద్దు. ఫ్యూజుకు బదులు రాగితీగ చుట్టటం మరీ ప్రమాదం. ప్లగ్గుల జోలికి పిల్లలు అసలే పోరాదు. అది పెద్దల పని.

బాబాయి చెయ్యి క్షేమంగా ఉన్నదంటే, కాలిపోయిన ఆ పాత ఫ్యూజు తన పని తాను చేసిందన్నమాట. దాని చోట అంతటి గట్టిదాన్నే పెట్టు!