మద్యపానం - మానిననాటి ప్రమాదం

మద్యపానాన్ని గూర్చి వ్రాసేవారు సాధారణంగా దాని దోషాలను వర్ణించి, మానివేయుమని హితవు పలికి విరమిస్తారు. ఆ హితవులో తప్పు లేదు. కాని ఏళ్ళ తరబడి నిత్యం త్రాగినవాడు ఒక్కనాట మానివేస్తే అతని దేహానికి ఏమవుతుందో చెప్పేవారు అరుదు. విద్యార్థి మిత్రులు ముందుగా తెలుసుకోవలసినది అదేనని నా అభిప్రాయం.

కొన్నేళ్ళ క్రితం మా వీధిలో ఒక మెకానిక్ ఉండేవాడు. రంజాన్ నెలవంక కనబడిన రాత్రి తల్లి చేతిలో చేయి వేసి, ఇక ముట్టనన్నాడు. మాట నిలుపుకొన్నాడు కూడా. మరునాటికి చేతులు వణికాయి, చెమటలు, నిద్రలేమి. రెండవ రాత్రి ఫిట్స్ వచ్చాయి. ఇంటివారు దగ్గరలోని డాక్టరుకు చూపి, మూర్ఛ మందు తెచ్చుకొన్నారు. మూడవ నాడు గోడ మీద తేళ్ళు ప్రాకుతున్నవని కేకలు వేశాడు. ఆసేబు సోకిందని తావీజు కట్టించారు. తెల్లవారక ముందే ప్రాణం పోయింది. త్రాగుడే చంపిందని వీధి అంతా అనుకొన్నది. అప్పటికి మూడు దినాలుగా అతడు చుక్క ముట్టలేదు.

ఇందులో మాయ ఏమీ లేదు. మెదడులో ఉద్రేకాన్ని అణచే రసాయనం గాబా, ఉత్తేజపరిచేది గ్లూటమేట్. మద్యం మొదటిదానికి బలమిచ్చి, రెండవదానిని అణగద్రొక్కుతుంది. నిత్యం త్రాగేవాని మెదడు ఆ ఒత్తిడికి ఎదురుగా తనను సర్దుకొంటుంది. ఎదురుగాలికి వంగి నడిచేవాడు గాలి హఠాత్తుగా ఆగితే ముందుకు తూలినట్లు, మద్యం ఆగగానే మెదడు అదుపు తప్పుతుంది. కొన్ని గంటలలో వణకు, మొదటి రెండు దినాలలో ఫిట్స్, రెండు నుండి నాలుగు దినాల మధ్య మతిభ్రమ - దీనినే వైద్యులు డెలీరియం ట్రెమెన్స్ అంటారు. ఇది పోషకాహార లోపం వలన వచ్చేదని ఒకప్పుడు కొందరు భావించేవారు. 1955లో అమెరికాలోని లెక్సింగ్టన్‌లో జరిపిన ప్రయోగం, మద్యం మానుటయే దీనికి కారణమని తేల్చింది.

(ఆల్కహాల్ అనే పదం అరబీలోని 'అల్ కుహ్ల్', అనగా సుర్మా నుండి వచ్చింది. కంటికి కాటుక పేరు చివరకు దీనికి దక్కడం వింతయే.)

2015లో తెలంగాణలో కల్తీ కల్లుపై దాడులు జరిగినప్పుడు, 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూతపడినప్పుడు ఇదే దృశ్యం. ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు వణకుతూ, పిచ్చిచూపులతో ఎందరో వచ్చారు. వారికి సంకల్పబలం లేదని నిందించడం అన్యాయం. డయాజిపాం వంటి మందును క్రమంగా తగ్గిస్తూ ఇచ్చి, బి1 విటమిన్ ఇంజక్షన్ చేస్తే చాలామంది వారం పది దినాలలో ఈ గండం దాటుతారు. గదిలో పెట్టి గొళ్ళెం వేయడం చికిత్స కాదు. ఆ పిమ్మట మిగిలే కోరికను జయించడం వేరే సుదీర్ఘ ప్రయత్నం.

మన ఇండ్లలో మరొక చిక్కున్నది. నిషిద్ధమైన వస్తువు కనుక త్రాగేవాడు దాస్తాడు, ఇంటివారూ దాస్తారు. ఎంత త్రాగేవాడో, ఎప్పుడు మానాడో తెలియని వైద్యుడు ఏమి చేయగలడు? డాక్టరుకు త్రాగుడు సంగతి చెప్పలేదా అని ఆ తల్లిని తరువాత ఒకనాడు అడిగాను.

"రంజాన్ నెలలో ఆ మాట ఏ నోటితో చెప్పను బేటా?" అన్నది.